టు లెట్... ఎవరికి?

మే నెల వచ్చిందంటే మదనపల్లెలో గేట్లకు అట్టముక్కలు వేలాడతాయి. ఒకదాని మీద 'టు లెట్' అని ఉంటుంది, ఇంకొకదాని మీద 'ఇల్లు అద్దెకు ఇవ్వబడును' అని ఉంటుంది. జూన్‌లో బళ్ళు తెరిచేలోగా ఇల్లు కుదుర్చుకోవాలని కలకడ, గుర్రంకొండ, కలికిరి, పెద్దమండ్యం వైపు నుంచి జనం వస్తారు. పిల్లల చదువు కోసమే ఆ రాక. చెట్లనీడ చూసి, నీళ్ళ సంపు చూసి, బస్టాండు ఎంత దూరమో అడిగి, అడ్వాన్సు ఎంతో బేరమాడి పోతుంటారు. ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్నారు పెద్దలు. అద్దె ఇల్లు వెతికి చూడు అని మూడోది ఎందుకు చేర్చలేదో తెలీదు.

ఇల్లు వెతకడం అందరికీ కష్టమే. కాకపోతే ఆ కష్టం అందరికీ ఒకటి కాదు.

ఒక కుటుంబాన్ని ఊహించుకుందాం. వాళ్ళది కలకడ దగ్గర ఒక దళితవాడ. ఆయన సచివాలయంలో ఉద్యోగి. ఆమె స్టాఫ్ నర్సు. పెద్దపిల్ల పదో తరగతి మంచి మార్కులతో పాసైంది, ఇంటర్‌లో చేర్చాలి. చిన్నోడు ఏడుకొచ్చాడు. ఇద్దరి జీతాలూ బ్యాంకులో పడతాయి. ఒకటో తారీఖున అద్దె తప్పదు. ఏ ఇంటి యజమానికైనా ఇంతకంటే ఏం కావాలి?

ఫోన్లో అంతా సవ్యంగా సాగుతుంది. 'రండి, చూసుకోండి' అంటారు. ఇల్లు చూస్తారు, నచ్చుతుంది. ఇంటావిడ మంచినీళ్ళిస్తుంది. తర్వాత మాటలు మొదలవుతాయి.

'ఏ ఊరు పాపా మీది?'

'కలకడక్కా.'

'కలకడా? మా పెద్దమ్మ వాళ్ళది ఆ పక్కే. కలకడలో ఏ వీధి?'

వీధి పేరు చెప్పగానే ఒక క్షణం నిశ్శబ్దం. వీధితో తెలియకపోతే ఇంటిపేరు అడుగుతారు. ఇంటిపేరుతోనూ తేలకపోతే 'ఏమనుకోవద్దు, మీరేమిట్లు?' అని సూటిగానే వస్తుంది. ఆ తర్వాత ఇల్లు మారిపోతుంది. ఇందాక ఖాళీగా ఉన్న ఇంటికి ఎవరో నిన్ననే అడ్వాన్సు ఇచ్చినట్టు గుర్తొస్తుంది. లేదా అబ్బాయి వాళ్ళు బెంగళూరు నుంచి వచ్చేస్తున్నారు. లేదా 'మాకేం పట్టింపుల్లేవు, మా అత్తగారే పాతకాలం మనిషి'. అదీ కాకపోతే 'శాకాహారులకే ఇస్తాం'. నాటుకోడి పులుసు, రాగిసంగటి లేనిదే ఆదివారం గడవని ఇంట్లో కూడా ఆ రోజుకు శాకాహారం వచ్చి కూర్చుంటుంది!

2022లో జిల్లాలు మారాయి. చిత్తూరు జిల్లాలో ఉన్న కలకడ అన్నమయ్య జిల్లాలోకి వెళ్ళింది. కాగితాల మీద చిరునామా మారింది. గేటు దగ్గరి ప్రశ్న మాత్రం మారలేదు.

సాకు ఎప్పుడూ ఇంకొకరిదే

ఈ అనుభవం ఎంత పాతదో తెలుసుకోవాలంటే 1917 నాటి బరోడా వెళ్ళాలి. అమెరికాలో కొలంబియా విశ్వవిద్యాలయంలో, తర్వాత లండన్‌లో చదివి తిరిగొచ్చిన అంబేద్కర్ బరోడా సంస్థానంలో ఉద్యోగంలో చేరారు. ఆయన చదువుకు డబ్బిచ్చింది ఆ సంస్థానమే. ఉద్యోగం ఉంది, తలదాచుకోవడానికి చోటు లేదు. ఒక పార్సీ సత్రంలో పార్సీ పేరు రాయించి దిగారు. పదకొండో రోజున కర్రలు పట్టుకొని మనుషులొచ్చారు. సాయంత్రానికల్లా ఖాళీ చెయ్యమన్నారు. ఇద్దరు స్నేహితుల తలుపు తట్టారు. ఒకాయన, నువ్వు వస్తే మా నౌకర్లు వెళ్ళిపోతారన్నాడు. రెండో ఆయన, మా ఆవిడ రేపు ఊరినుంచి వస్తోంది, ఆమెను అడగాలన్నాడు. బొంబాయి రైలు వచ్చేదాకా అయిదు గంటలపాటు ఆ మహామేధావి ఊరి తోటలో కూర్చున్నారు. ఇదంతా ఆయన తర్వాత స్వయంగా రాసుకున్నారు.

గమనించారా? ఇద్దరు మిత్రుల్లో ఏ ఒక్కరూ 'నాకిష్టం లేదు' అనలేదు. ఒకరికి నౌకర్లు అడ్డం, ఇంకొకరికి భార్య అడ్డం. వందేళ్ళు దాటినా 'మా అత్తగారే పాతకాలం మనిషి' అనే మాట ఆ వరసలోనిదే. సాకు చెప్పేవాడు ఎప్పుడూ మంచివాడే, అడ్డుపడేది మాత్రం ఎవరో ఒకరు!

అది పాత సంగతి, ఇప్పుడు పట్నాల్లో అవన్నీ ఎవరు చూస్తున్నారు అంటారా? ఆచార్య సుఖదేవ్ థోరట్, మరికొందరు పరిశోధకులు కలిసి 2012లో ఢిల్లీలోనూ దాని చుట్టుపక్కల పట్టణాల్లోనూ ఒక అధ్యయనం చేశారు. ఫలితాలు 2015లో వెలువడ్డాయి. చదువు, ఉద్యోగం లాంటివన్నీ ఒకేలా చెప్పి, పేర్లు మాత్రం మార్చి ఇళ్ళ కోసం అడిగించారు. పైకులాల పేర్లతో అడిగినవాళ్ళకు దాదాపు అందరికీ సరేనన్నారు. దళిత పేర్లతో, ముస్లిం పేర్లతో అడిగినవాళ్ళలో ఎంతోమందికి తలుపు మూసుకుంది, లేదా అద్దె పెంచడం, షరతులు పెట్టడం జరిగింది. దేశ రాజధానిలోనే అలా ఉంటే మిగతా ఊళ్ళ గురించి వేరే చెప్పాలా?

డైనమైట్ పడిన ఊరు

ఇదే కష్టం ఇంకో దేశంలో ఇంకో పేరుతో ఉంది. అమెరికాలో నల్లజాతి కుటుంబం ఊరు మారాలంటే ముందు ఇల్లు చూడదు, వీధి చూస్తుంది. అక్కడ మనవాళ్ళు ఎవరైనా ఉన్నారా, బడిలో పిల్లల్ని ఎలా చూస్తారు, రాత్రిపూట కారు ఆగిపోతే ఎవరైనా తలుపు తీస్తారా... ఇవీ వాళ్ళ ప్రశ్నలు. 1936లో న్యూయార్క్ హార్లెంకు చెందిన విక్టర్ హ్యూగో గ్రీన్ అనే పోస్ట్‌మన్ ఏకంగా ఒక పుస్తకమే వేశాడు. ఏ ఊళ్ళో ఏ హోటల్ నల్లవాళ్ళకు గది ఇస్తుంది, ఏ ఇంట్లో భోజనం పెడతారు అన్నది అందులో ఉండేది. 'గ్రీన్ బుక్' అని పేరు. దాదాపు మూడు దశాబ్దాలు అది అచ్చవుతూ వచ్చింది. అలాంటి పుస్తకం అవసరం లేని రోజు రావాలని దాన్ని వేసినవాళ్ళే కోరుకున్నారు.

ఆ రోజుల్లో షికాగో పక్కన ఓక్ పార్క్ అనే శివారు పట్టణం ఉండేది. ఇప్పుడూ ఉంది. 1950లో పర్సీ జూలియన్ అనే రసాయన శాస్త్రవేత్త అక్కడ ఇల్లు కొన్నాడు. ఆయన బానిసల మనవడు. వియన్నాలో డాక్టరేట్ చేశాడు. సోయా చిక్కుళ్ళ నుంచి హార్మోన్లు తయారుచేసే దారి చూపించి, మందుల ధరలు దిగిరావడానికి కారణమైనవాళ్ళలో ఒకడు. ఇంత పెద్ద మనిషి వస్తుంటే ఊరు ఎదురెళ్ళి దండ వెయ్యాలి కదా! ఆ కుటుంబం ఇంట్లో దిగకముందే ఆ ఏడాది నవంబరులో ఇంటికి నిప్పు పెట్టే ప్రయత్నం చేశారు. మరుసటి ఏడాది జూన్‌లో డైనమైట్ విసిరారు. ఇంట్లో పిల్లలున్నారు. అదృష్టం బాగుండి ఎవరికీ ఏమీ కాలేదు. జూలియన్ ఊరు వదలలేదు.

అదే ఓక్ పార్క్ నేడు నల్లవాళ్ళూ తెల్లవాళ్ళూ కలిసి బతికే ఊరుగా అమెరికాలో పేరు పొందింది. 2020 జనాభా లెక్కల్లో 54 వేల పైచిలుకు జనం ఉన్న ఆ ఊళ్ళో ప్రతి అయిదుగురిలో దాదాపు ఒకరు నల్లవారు. డైనమైట్ విసిరిన ఊరు ఇలా ఎలా మారింది? జనానికి ఒక్కసారిగా బుద్ధి వికసించిందా?

కాదు. పని చేశారు.

మొదటిది చట్టం. 1968 ఏప్రిల్ 4న మార్టిన్ లూథర్ కింగ్‌ను కాల్చి చంపారు. వారం తిరక్కుండా ఏప్రిల్ 11న ఇళ్ళ అమ్మకాల్లో, అద్దెల్లో జాతి వివక్షను నిషేధించే చట్టం అమెరికా దేశమంతటికీ వచ్చింది. అదే ఏడాది ఓక్ పార్క్ తన సొంత నిబంధనను కూడా చేసుకుంది. ఇల్లు అమ్మేవాడు, అద్దెకిచ్చేవాడు, మధ్యలో దళారి... ఎవరూ రంగు చూడకూడదని.

రెండోది మధ్యవర్తి. చట్టం ఉన్నంత మాత్రాన ఇల్లు దొరకదు. పక్క పేటల్లో దళారులు భయాన్ని అమ్ముకునేవాళ్ళు. 'నల్లవాళ్ళొస్తున్నారు, మీ ఇంటి ధర పడిపోతుంది, ఇప్పుడే అమ్మెయ్యండి' అని తెల్లవాళ్ళను బెదరగొట్టి చవగ్గా కొనడం, అవే ఇళ్ళను నల్లవాళ్ళకు ఎక్కువ ధరకు అమ్మడం. వీధులకు వీధులే అలా ఖాళీ అయ్యాయి. దీనికి విరుగుడుగా 1972లో రాబర్టా రేమండ్ అనే ఆ ఊరి ఆడబిడ్డ ఒక గృహ కేంద్రం పెట్టింది. అద్దెకు ఇల్లు కావలసినవాళ్ళు అక్కడికి వెళ్తే ఊరంతటిలో ఎక్కడెక్కడ ఖాళీలున్నాయో చూపిస్తారు. నల్లవాళ్ళను ఒక మూలకూ తెల్లవాళ్ళను ఇంకో మూలకూ తొయ్యకుండా, అందరికీ అన్ని వీధులూ చూపించడమే దాని పని.

మూడోది పొరుగువాడు. ఇందుకు ఇంకో ఊరి కథ చెప్పుకోవాలి. 1957 ఆగస్టులో పెన్సిల్వేనియాలోని లెవిట్‌టౌన్‌లో విలియం, డైసీ మేయర్స్ దంపతులు చిన్నపిల్లలతో దిగారు. అంతా తెల్లవాళ్ళే ఉండే కాలనీ అది. రోజుల తరబడి జనం గుమిగూడి రాళ్ళు వేశారు. ఆ రోజుల్లో పక్కింటి వెక్స్‌లర్ దంపతులు వాళ్ళ వెంట నిలబడ్డారు. అందుకు వాళ్ళ ఇంటి ముందు కూడా శిలువ తగలబెట్టి బెదిరించారు. మరికొందరు ఇరుగుపొరుగు వంతులు వేసుకొని ఆ ఇంట్లో కాపలా కూర్చున్నారు. ఊళ్ళో వేలమంది ఉండొచ్చు. కొత్తగా దిగినవాళ్ళకు ఊరంటే పక్కిల్లే.

ఒక చట్టం, ఒక మధ్యవర్తి, ఒక పొరుగు. మంచి వీధి అదృష్టం కొద్దీ దొరకదు. ఎవరో ఒకరు ముందే పూనుకొని దాన్ని మంచి వీధి చేసి ఉంటారు. ఈ మూడింటిలో మన దగ్గర ఏవున్నాయో చూద్దాం.

మనకున్నవేమిటి, లేనివేమిటి?

చట్టం ఉంది. చాలామందికి తెలియదు. 1955 నాటి పౌరహక్కుల పరిరక్షణ చట్టం అంటరానితనం కారణంగా ఎవరినైనా ఏ ప్రాంతంలోనైనా ఇల్లు కట్టుకోనివ్వకపోయినా, పొందనివ్వకపోయినా, అందులో ఉండనివ్వకపోయినా నేరమంటోంది. నెల నుంచి ఆరు నెలల దాకా జైలు, 100 నుంచి 500 రూపాయల దాకా జరిమానా. బాధితులు షెడ్యూల్డు కులాలవాళ్ళయితే ఆ పని అంటరానితనం వల్లే జరిగిందని కోర్టు మొదట భావించాలి, కాదని రుజువు చేసుకోవలసింది అవతలివాళ్ళే. 1989 నాటి అత్యాచారాల నిరోధక చట్టం, దాని 2015 సవరణతో కలిపి, సాంఘిక బహిష్కరణను, నలుగురిలో కులం పేరుతో దూషించడాన్ని శిక్షిస్తుంది. ఫిర్యాదు చెయ్యాలంటే 14566 నంబరు దేశమంతటా ఉంది.

అయితే ఒక్క మాట. గేటు దగ్గర ఎవరూ కారణం చెప్పరు. 'నిన్ననే అడ్వాన్సు ఇచ్చారు' అన్నదాన్ని కోర్టులో పట్టుకోవడం తేలిక కాదు. పైగా కేసు పెట్టి సంపాదించిన ఇంట్లో రోజూ ఆ యజమాని మొహం చూస్తూ ఎవరుంటారు? కోర్టులు కూడా అన్నిసార్లూ ఒక వైపే లేవు. ఒక పార్సీ సహకార గృహ సంఘం తమవాళ్ళకే సభ్యత్వం అని పెట్టుకున్న నియమాన్ని 2005లో సుప్రీంకోర్టు సమర్థించింది. అందుకే చట్టం వెనక ఉండాలి, ముందు వేరేది నడవాలి.

అది మధ్యవర్తి. అది మన దగ్గర లేదు, లేదా అచ్చులో లేదు. నిజానికి మన దళిత కుటుంబాల దగ్గర కూడా ఒక గ్రీన్ బుక్ ఉంది. నోటి పుస్తకం! ఏ వీధిలో ఇస్తారు, ఏ అపార్టుమెంటులో అడగరు, ఏ ఇంట్లో ఇచ్చి నీళ్ళ దగ్గర సతాయిస్తారు అన్నది ఒక టీచరు ఇంకో టీచరుకు, ఒక నర్సమ్మ ఇంకో నర్సమ్మకు చెబుతుంది. చర్చిలో ప్రార్థన అయ్యాక చెప్పుకుంటారు. బదిలీల కాలంలో ఈ పుస్తకానికి గిరాకీ ఎక్కువ.

పొరుగు సంగతి చెప్పాలంటే కారంచేడు గుర్తొస్తుంది. 1985 జూలై 17న కారంచేడులో దళితుల మీద దాడి చేసి ఆరుగురిని చంపారు. వందల కుటుంబాలు కట్టుబట్టలతో చీరాల చేరాయి. అక్కడ చర్చి ఆవరణలో తలదాచుకున్నాయి. ప్రభుత్వం తిరిగి ఊరికి వెళ్ళమంది. వాళ్ళు వెళ్ళమన్నారు. చివరికి చీరాలలోనే విజయనగర్ కాలనీ వెలిసింది. ఆ రోజుల్లో కత్తి పద్మారావు, బొజ్జా తారకం లాంటివాళ్ళు ముందు నిలిచారు. ఇక్కడ ఊరు మారడమంటే బడి కోసం కాదు, ప్రాణం కోసం. ఆ కుటుంబాలు ఎంచుకున్నది పెద్ద ఇళ్ళున్న ఊరిని కాదు, ఆసుపత్రి, కోర్టు, నలుగురు మాట్లాడేవాళ్ళు, తలుపు తెరిచిన ఒక ఆవరణ ఉన్న ఊరిని. వీధిని ఎలా ఎంచుకోవాలో చెప్పడానికి ఇంతకు మించిన పాఠం లేదు.

వెతికేవాళ్ళకు

కాబట్టి జూన్‌లోగా మదనపల్లెకో, పీలేరుకో, తిరుపతికో మారబోతున్నవాళ్ళకు కొన్ని మాటలు.

బోర్డు చూసి వెళ్ళకండి, మనిషి చెబితే వెళ్ళండి. ఆ వీధిలో ఇదివరకు ఉన్నవాళ్ళు, ఇప్పుడు ఉంటున్నవాళ్ళు ఎవరైనా దొరుకుతారేమో ఆఫీసులోనో ఆసుపత్రిలోనో బడిలోనో విచారించండి. 'ఇల్లెలా ఉంది' అని కాదు, 'ఎందుకు ఖాళీ చేశారు' అని అడగండి. అసలు సంగతి అక్కడుంటుంది.

వీధికి రెండుసార్లు వెళ్ళండి. పొద్దున నీళ్ళ వేళకు ఒకసారి. మదనపల్లెలో నీళ్ళ ట్యాంకరు వచ్చినప్పుడు బిందెలు వరసలో ఎలా నిలబడ్డాయో చూస్తే ఆ వీధి గుణం సగం తెలిసిపోతుంది. సాయంత్రం పిల్లలు ఆడుకునే వేళకు ఇంకోసారి. అన్ని ఇళ్ళ పిల్లలూ ఒకే ఆటలో ఉన్నారా, గేటు లోపల్నించి చూస్తున్న పిల్లలెవరైనా ఉన్నారా? మూల మీది టీ కొట్టులో అందరికీ ఒకే గ్లాసేనా? పెద్దవాళ్ళు మర్యాదకు నవ్వగలరు. పిల్లలాట మాత్రం దాచలేనిది.

ఒకే కులంవాళ్ళు వరసగా కట్టుకున్న వీధి కన్నా ఉద్యోగస్తులు, వ్యాపారస్తులు, అన్ని మతాలవాళ్ళు కలిసి ఉండే వీధి మేలు. యజమాని కింద, మీరు పైన ఉండే ఇంటికన్నా యజమాని వేరే చోట ఉండే ఇల్లు కొందరికి సుఖం. కాకపోతే మంచి యజమాని కింద ఉంటే అంతకన్నా అండ ఇంకోటి లేదు. అందుకే ఇల్లు చూసినంతసేపూ యజమానిని కూడా చూడండి.

షరతులు ముందే తేల్చుకోండి. మాంసం వండుకోవడం, చుట్టాలు రావడం, పండగలు, ప్రార్థనలు, మేడ మీద బట్టలారేయడం. మాట మీద వదిలెయ్యకుండా అగ్రిమెంటు రాయించుకోండి, అడ్వాన్సుకు రశీదు తీసుకోండి. మాట మారేవాళ్ళు కాగితానికి కొంచెమైనా జంకుతారు.

ఇక అందరినీ నలిపేసే ప్రశ్న. కులం అడిగితే ఏం చెప్పాలి? వేరే కులం పేరు చెప్పి ఇల్లు సంపాదించినవాళ్ళున్నారు. వాళ్ళను తప్పుపట్టే హక్కు ఎవరికీ లేదు, అంబేద్కరంతటివారికే ఆ గతి పట్టింది. కానీ ఆయన సత్రంలో ఉన్న ఆ పది రోజులూ ఎలా గడిపారో కూడా ఆయనే రాశారు, భయంతో, ఒంటరితనంతో. ఆ బరువు మీరు మొయ్యగలరేమో, ఏడో తరగతి పిల్లాడు మొయ్యలేడు. స్నేహితుడింట్లో ఏం మాట్లాడాలో, తాత పేరు అడిగితే ఏం చెప్పాలో, ఇంటికొచ్చే చుట్టాల్ని ఏమని పిలవాలో వాడు రోజూ లెక్కవేసుకోవాలి. చెప్పాల్సిన పని మీకు లేదు. అబద్ధమాడాల్సిన పనీ లేదు. 'అద్దె సరిగ్గా ఇస్తాం, ఇల్లు శుభ్రంగా చూసుకుంటాం, ఇద్దరం ఉద్యోగులం. ఇంకేం కావాలక్కా?' అని అడిగి చూడండి. ఆమె మొహంలోనే జవాబు దొరుకుతుంది. అక్కడ దొరకని ఇల్లు పోతే పోనివ్వండి.

ఇచ్చేవాళ్ళకు

ఇంతా చెప్పాక ఒక అన్యాయం మిగిలిపోతోంది. మంచి వీధిని వెతికే భారమంతా వెతికేవాళ్ళ మీదే పెట్టేశాం. గేటు లోపల ఉన్నవాళ్ళు ఏమీ చెయ్యనక్కర్లేదా?

గేటు లోపలివాళ్ళ పిల్లల్లో ఎంతమంది అమెరికాలో లేరు? డల్లాస్‌లోనో న్యూజెర్సీలోనో దిగిన మన అబ్బాయికి అపార్టుమెంటు ఆఫీసులో జీతం అడిగారు, పాత అద్దె రికార్డు అడిగారు. 'మీరేమిట్లు' అనలేదు. అనకపోవడం వాళ్ళ మంచితనం మాత్రమే కాదు, 1968 నాటి చట్టం. ఆ చట్టం నల్లవాళ్ళు వీధుల్లో దెబ్బలు తిని సంపాదించింది. మనవాళ్ళు పెద్ద ఎత్తున ఆ దేశం వెళ్ళడానికి తలుపు తీసిన 1965 నాటి వలస చట్టం కూడా ఆ పోరాటాల కాలంలో పుట్టిందే. డైనమైట్ పడిన ఇంట్లో జూలియన్ కుటుంబం పట్టుదలగా ఉండిపోయినందుకు ఫలితం ఇవ్వాళ మన పిల్లలు కూడా తింటున్నారు. మన కులాల గొడవ అక్కడికీ వెళ్ళింది కాబట్టే 2023 ఫిబ్రవరిలో సియాటిల్ నగరం కుల వివక్షను నిషేధిస్తూ నిబంధన చేసింది. అందులో అద్దె ఇళ్ళ సంగతీ ఉంది. అక్కడ కొడుక్కి దొరికిన మర్యాదను ఇక్కడ తల్లిదండ్రులు ఇంకొకరి కొడుక్కి ఎందుకివ్వకూడదు?

చెయ్యగలిగినవి పెద్ద పనులేం కావు. అడ్వాన్సు గురించి, మనుషుల లెక్క గురించి, కరెంటు బిల్లు గురించి ఎన్నయినా అడగండి. ఊరి పేరుతో ఆపండి, వీధి దాకా వెళ్ళకండి. కాలనీ సంక్షేమ సంఘాలు మన పట్టణాల్లో చాలానే ఉన్నాయి. వినాయక చవితికి చందాలు రాసే పుస్తకంలోనే ఒక పేజీ ఖాళీ ఇళ్ళకు కేటాయించవచ్చు. ఎవరొచ్చినా అదే పేజీ చూపించవచ్చు. ఉపాధ్యాయ సంఘాలు, ఉద్యోగ సంఘాలు బదిలీల్లో సాయం చేస్తుంటాయి, ఇళ్ళ విషయంలోనూ ఆ పని చెయ్యవచ్చు. నెలనెలా పల్లెల్లో జరిపే పౌరహక్కుల దినాన్ని ఏడాదిలో ఒక్కసారైనా మే నెలలో పట్నం కాలనీల్లో జరపమని అధికారుల్ని అడగవచ్చు. రాబర్టా రేమండ్ చేసింది ఇంతకంటే పెద్ద పనేం కాదు. ఖాళీల పట్టిక పెట్టుకొని అందరికీ ఒకేలా చూపించింది.

పక్కింటివాళ్ళకు మరీ చిన్న పని. కొత్తవాళ్ళు పాలు పొంగించిన రోజు వెళ్ళండి. వాళ్ళిచ్చిన పరమాన్నం అక్కడే తినండి. ఇంటికి పట్టుకెళ్ళి పనిమనిషికి ఇచ్చెయ్యడం వాళ్ళకు తెలియదనుకోకండి, తెలుస్తుంది. మీ ఇంటికి వాళ్ళొస్తే మీరు తాగే గ్లాసులోనే కాఫీ ఇవ్వండి, పేపరు కప్పు కోసం వెతక్కండి. మీ పిల్లల్ని వాళ్ళ పిల్లలతో ఆడుకోనివ్వండి. వీధిలో మొదటి ఇల్లు అలా చేస్తే రెండో ఇంటికి ధైర్యమొస్తుంది. మొదటి ఇల్లు మొహం తిప్పుకుంటే రెండో ఇల్లూ తిప్పుకుంటుంది.

కలకడ పిల్ల మంచి మార్కులు తెచ్చుకుంది. ఆ పిల్ల చెయ్యాల్సింది చేసింది. ఇంటర్ పుస్తకాలు ఎక్కడ కూర్చొని చదువుకుంటుందన్నది ఆ పిల్ల చేతుల్లో లేదు. గేటుకు అట్టముక్క కట్టినవాళ్ళ చేతుల్లో ఉంది.